పశువైద్యశాలలో మాట పొరపాటు: దిద్దుకొను విధము

రోగియైన మనుష్యుడు తన బాధను తానే చెప్పుకొనగలడు. నిన్న ఇచ్చిన మాత్ర వేరు, నేడు ఇచ్చినది వేరు అని గుర్తించి అడుగగలడు. పశువునకు ఆ శక్తి లేదు. దాని రోగము యజమాని నోట వైద్యునకు తెలియవలెను. దాని చికిత్స వైద్యుని నోట యజమానికి తెలియవలెను. ఈ ఇరువురిలో ఎవరు పొరపడినను దానిని సరిదిద్దుటకు పశువు నోరు విప్పజాలదు. కావుననే పశువైద్యశాలలో సూదికిని మందునకును ఎంత ప్రాముఖ్యము కలదో, మాటకును అంతటి ప్రాముఖ్యము కలదు.

ప్రజల ఆరోగ్యమును గూర్చిన ఈ పుస్తకములలో పశువైద్యమునకు చోటేల యని కొందరు సందేహింపవచ్చును. ఆవు పాలు ఇంటిల్లిపాది త్రాగుదురు. పెంపుడు కుక్క ఇంటి పిల్లలతో ఆడుకొనును. పశువునకు వేసిన మందులు పలు సందర్భములలో పాలలోనికి దిగును. పశువులకు వచ్చు రోగములలో కొన్ని మనుష్యులకును సోకును. కనుక పశువును గూర్చి చెప్పిన తప్పుమాట ఆ పశువుతోనే ఆగదు. వంటయింటి వరకు వచ్చును. అట్టి పొరపాటు ఎట్లు కలుగునో, కలిగినపుడు వైద్యుడును యజమానియు ఏమి చేయవలెనో ఇందు వివరింపబడినది.

పొరపాటు పుట్టు చోట్లు

పశువైద్యశాలలో జరుగు మాట పొరపాటులు పెక్కు మూడు చోట్ల పుట్టును.

మొదటిది లెక్క. పాడిపశువు గలవారు కాలమును పూటలతో లెక్కింతురు. వైద్యుడు రోజులతోను, మందుసీసా గంటలతోను లెక్కించును. మూడు రోజులనగా ఆరు పూటలు. "మూడు" అను మాట మాత్రము చెవిని బడి, "రోజులు" అనునది "పూటలు"గా మారినచో గడువు సగమునకు తగ్గిపోవును. కొలతల సంగతియు ఇట్టిదే. చెంచాలలో చిన్నవి కలవు, పెద్దవి కలవు. సీసా మూతలన్నియు ఒకే కొలతవి కావు. పిడుదులను చంపు మందును "ఒక మూత నీళ్ళలో కలిపి తుడువుడు" అని చెప్పుట ప్రమాదకరము. ఎన్ని మిల్లీలీటర్ల మందు, ఎన్ని లీటర్ల నీరు అని చెప్పవలెను.

రెండవది గుర్తు. ఒక వీధిలో టామీలు ఇద్దరుండవచ్చును. ఒక ఊరిలో లక్ష్మి యను ఆవులు పదియుండవచ్చును. ఒక పశువు వివరమును మరియొక పశువు యజమానికి చెప్పుట ఇట్లు సంభవించును. ఇందు నిమిత్తమే దేశములో పశువుల చెవులకు 12 అంకెలు గల పోగులు వేయుచున్నారు. పేరు ఒకటే కావచ్చును గాని ఆ అంకెలు రెండు పశువులకు ఒకటిగా నుండవు.

మూడవది వినికిడి. ముఖ్యముగా టెలిఫోనులో ఇది తరచుగా జరుగును. "మా పిల్లికి పిడుదులు పట్టినవి, కుక్కకు తెచ్చిన మందు వేయవచ్చునా?" అని ఇల్లాలు అడుగును. వినువారికి "పిల్లి" అను మాట "పిల్ల" యని వినబడును. కుక్కపిల్ల యనుకొని "వేయవచ్చును" అందురు. కుక్కలకు వాడు పిడుదుల మందులలో కొన్నింట పెర్మెత్రిన్ అను ద్రవ్యముండును. అది పిల్లులకు విషము, ప్రాణము తీయగలదు. ఒక్క అక్షరపు తేడాచే ఎంతటి అపాయము కలుగునో దీనివలన గ్రహింపవచ్చును.

పాల గడువు తప్పినపుడు

ఈ క్రింది సందర్భమును ఊహింపుడు. ఒక పల్లెలో ఒక వృద్ధురాలి ఆవునకు పొదుగువాపు వచ్చినది. సోమవారము ప్రొద్దున పాలు పితికిన పిమ్మట వైద్యుడు మందు వేసెను. సీసాపై 72 గంటల గడువు వ్రాయబడియున్నది. సహాయకుడు తొందరలో "మూడు పూటలు పాలు వాడకండి" అని చెప్పి పంపెను. ఆమె ఆ మాట తప్పక పాటించెను. సోమవారము సాయంత్రము, మంగళవారము రెండు పూటలు పాలు పారబోసెను. బుధవారము ప్రొద్దున కొన్ని పాలు మనుమరాలికి కాచి యిచ్చి, తక్కినవి పాలకేంద్రమున పోసెను. ఆ మధ్యాహ్నము రిజిస్టరు చూచుచుండగా వైద్యునకు పొరపాటు తెలిసెను. గురువారము ప్రొద్దుటి పాలు సైతము వాడదగినవి కావు. ఆ సాయంత్రమునుండి మాత్రమే వాడవచ్చును.

ఇప్పుడు వైద్యుని యెదుట రెండు దారులున్నవి. "గడువులో సగము గడచినది, ఏమియు కాదులే" యని ఊరకుండుట ఒకటి. వెంటనే ఆమె యింటికి వెళ్ళుట రెండవది. మొదటి దారి ఏల తగదో తెలిసికొనవలెను. పాలలో మిగిలిన సూక్ష్మజీవనాశక మందు కాచినంత మాత్రమున పోవునని నమ్మరాదు. పెనిసిలిన్ పడని వారికి అట్టి పాలవలన దద్దురులు, వాపు, ఊపిరి యాడమి కలుగవచ్చును. తరచుగా అట్టి మందులు ఆహారము ద్వారా లోనికి పోయినచో మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరుగుటకు అది యొక కారణమగును. ఇల్లాండ్రకు తెలిసిన గుర్తు మరియొకటి కలదు: ఇట్టి పాలు సరిగా తోడుకొనవు. తోడులోని సూక్ష్మజీవులను పాలలోని మందు చంపుటయే యందులకు కారణము. పాలకేంద్రమున ఒక పాత్రలోని పాలు ఊరివారందరి పాలతో కలిసిపోవును గనుక ఆ యొక్క యింటి పొరపాటు ఊరందరికి తగులును.

వైద్యుడు రెండవ దారినే పట్టెను. వారి సంభాషణ ఇట్లు జరిగియుండవచ్చును.

"అమ్మా, ఆవుకు మందు వేసిన రోజున మూడు పూటలని మీకు చెప్పాము. అది మా పొరపాటు. మూడు రోజులని, అంటే ఆరు పూటలని చెప్పవలసింది. ఈ సాయంత్రం పాలు, రేపు ప్రొద్దుటి పాలు కూడా పారబోయండి. రేపు సాయంత్రం నుంచి వాడుకోవచ్చు."

"అయ్యో, ఈ పూట పాలు కేంద్రంలో పోసేశాను గదా బాబూ! పసిదానికి కూడా ఇచ్చాను. మందు కలిపిన పాలు పోసిందని ఇక నా పాలు పట్టుకుంటారా?"

"కేంద్రం వారికి నేనే వెళ్ళి చెబుతాను. తప్పు మీది కాదు, మాది అని కూడా చెబుతాను. పాపకు ఇదివరకు ఏ మందైనా పడక దద్దుర్లు వచ్చాయా? ఇప్పుడు ఒంటిమీద ఏమైనా కనబడుతున్నదా?"

"లేదు బాబూ, ఆడుకుంటూనే ఉంది."

"మంచిది. దద్దుర్లు గాని, మొగం వాపు గాని, ఆయాసం గాని కనబడితే వెంటనే పెద్దాసుపత్రికి తీసుకొని వెళ్ళండి. ఈ పాలు త్రాగిందని అక్కడి డాక్టరుగారికి చెప్పండి. ఇంట్లో ఆ పాలు మిగిలితే తోడు వేయకండి, పారబోయండి. ఇప్పుడు ఎన్ని పూటలు పాలు పారబోయాలో ఒక్కసారి మీరు చెప్పండి, వింటాను."

"ఈ సాయంత్రం, రేపు ప్రొద్దున. రెండు పూటలు. రేపు సాయంత్రం నుంచి వాడుకోవచ్చు."

ఈ కొద్ది మాటలలో చేయవలసిన పనులన్నియు ఇమిడియున్నవి. వైద్యుడు తప్పును తనదిగా ఒప్పుకొనెను. సహాయకుని పేరు ఎత్తలేదు. ఏమి చేయవలెనో పూటలతో లెక్కించి చెప్పెను. అపాయపు గుర్తులు తెలిపెను. వృద్ధురాలికి గల భయము బిడ్డను గూర్చినది మాత్రమే కాదు. పాలు పోయుటచే వచ్చు నాలుగు రూకలే ఆ యింటికి ఆధారము. కేంద్రము పాలు నిరాకరించినచో ఆమెకు మరియొక దారి లేదు. ఆ భయమును వైద్యుడు గుర్తించి, కేంద్రమునకు చెప్పు బాధ్యతను తానే వహించెను. పొరపాటు చేసినవారే దాని భారమును మోయుట న్యాయము. పాలకేంద్రమువారును ఇట్టి సమాచారము నిజాయితీగా తెలిపినవారిని శిక్షింపరాదు. శిక్షించినచో మరుసటి పర్యాయము ఎవ్వరును చెప్పరు.

మందు వాడిన పిమ్మట పాలు, గ్రుడ్లు, మాంసము వాడక నిలుపవలసిన గడువును మందు లేబులుపై ముద్రింపవలెనని మన ఔషధ నిబంధనలలో 2012లో చేర్చబడినది. నిర్దిష్టమైన గడువు నిర్ధారింపబడని మందుల విషయమున పాలకు, గ్రుడ్లకు 7 రోజులకు తక్కువ కాని గడువును, పశువుల, కోళ్ళ మాంసమునకు 28 రోజులకు తక్కువ కాని గడువును పాటింపవలెను. కనుక ఎవరి జ్ఞాపకమును నమ్ముటకంటె లేబులు చూచి చెప్పుట మేలు.

కుక్క కాటు సంగతి

పాల విషయమున పొరపాటు దిద్దుటకు ఒక పూట వ్యవధి దొరకవచ్చును. కుక్క కాటు విషయమున అట్టి వ్యవధి లేదు.

ఒక బాలుని పెంపుడు కుక్క కరచినది. తండ్రి పశువైద్యశాలకు టెలిఫోను చేసి, తమ టామీకి టీకా వేసియున్నదా యని అడిగెను. అక్కడివారు రిజిస్టరు చూచి "వేసియున్నది" అనిరి. వారు చూచినది వేరొక టామీ వివరము. తండ్రి ఆ మాట నమ్మి బాలుని ఆసుపత్రికి తీసికొనిపోవుట మానెను. సాయంత్రము పొరపాటు బయటపడినది. అప్పుడు "ప్రొద్దున చెప్పుదము" అనుట కూడదు. టెలిఫోను పలుకనిచో మనిషిని పంపవలెను. "అయ్యా, ప్రొద్దున మేము చెప్పినది వేరే కుక్క సంగతి. మీ కుక్కకు టీకా వేసినట్లు మా పుస్తకంలో లేదు. అబ్బాయిని ఇప్పుడే ఆసుపత్రికి తీసుకొని వెళ్ళండి" అని తిన్నగా చెప్పవలెను. ఉపోద్ఘాతములకు, సంజాయిషీలకు అది సమయము కాదు.

రేబిస్, అనగా పిచ్చికుక్క వ్యాధి, లక్షణములు కనబడిన పిదప దాదాపు తప్పక ప్రాణము తీయును. కాని కాటు పడిన వెంటనే తగిన చికిత్స చేసినచో దానిని నివారింపవచ్చును. 1885లో లూయీ పాశ్చర్ ఈ మార్గమును లోకమునకు చూపెను. పూర్వము బొడ్డు చుట్టు వేయు బాధాకరమైన సూదులు నేడు లేవు. నేటి టీకా చేతికే వేయుదురు. గాయమును వెంటనే సబ్బుతోను, ధారగా పడు నీటితోను 15 నిమిషములు కడుగవలెను. పసుపు, కారము, సున్నము, ఆకుపసరు పూయరాదు. ఆలసింపక ఆసుపత్రికి పోవలెను. గాయపు స్వభావమునుబట్టి టీకాతో పాటు రేబిస్ నిరోధక సీరము అవసరమా యని అక్కడి వైద్యుడు నిర్ణయించును. కరచిన కుక్కను 10 రోజులు గమనింపవలెను. అయితే ఆ 10 రోజులు చికిత్స ప్రారంభింపక వేచియుండరాదు.

ఇందు మరియొక నీతి కలదు. ఆ దినమున రిజిస్టరులోని మాట నిజమే యైనను పశువైద్యశాల ఇచ్చిన జవాబు చాలదు. కుక్కకు టీకా వేసియున్నదను కారణముచే బాలునికి చికిత్స అక్కరలేదని నిర్ణయించుట పశువైద్యశాల పని కాదు. కుక్క వివరమును చెప్పి, "గాయము కడిగి ఆసుపత్రికి వెళ్ళండి" అని చేర్చుట దాని పని. కుక్కల ద్వారా వచ్చు రేబిస్‌ను 2030 నాటికి రూపుమాపవలెనను జాతీయ కార్యాచరణ ప్రణాళిక 2021లో వెలువడినది. పశువైద్యుడును మనుష్యుల వైద్యుడును ఒకరి మాట ఒకరికి అందించుకొనుచు పని చేసిననాడే అది నెరవేరును.

పొరపాటు తెలిసినపుడు వైద్యశాలవారు చేయవలసినవి

1. మొట్టమొదట అపాయమును ఆపవలెను. తప్పు ఎవరిదను విచారణ తరువాతి పని.

2. యజమానికి గాని, ఇంటిలో బాధ్యత గల పెద్దకు గాని స్వయముగా చెప్పవలెను. చిన్నపిల్లలతోను, దారిన పోవు వారితోను కబురు పంపరాదు. తప్పుమాట చెప్పిన దానికంటె ఒప్పుమాట చెప్పుటలో ఎక్కువ జాగ్రత్త అవసరము.

3. "మేము పొరపాటుగా చెప్పినాము" అని స్పష్టముగా ఒప్పుకొనవలెను. "మీరు సరిగా వినలేదు" అనుట తగదు. వినుటలో నిజముగా పొరపాటు జరిగినను, విన్నవారు గ్రహించునట్లు చెప్పు బాధ్యత చెప్పినవారిదే.

4. ఇప్పుడు ఏమి చేయవలెనో ఒకటి రెండు మాటలలో, వారు వాడు లెక్కలోనే చెప్పవలెను. పిదప వారిచేత తిరిగి చెప్పించుకొని వినవలెను. "తెలిసినదా?" యని అడిగిన "తెలిసినది" అందురు, దానివలన తెలిసినట్లు ఋజువు కాదు.

5. కోపము వచ్చినచో వారిని చెప్పుకొననీయవలెను. తన బిడ్డను గూర్చియో, తన ఆవును గూర్చియో భయపడినవాడు గట్టిగా మాటలాడుట సహజము. మధ్యలో అడ్డుపడి వాదించుట భయమును పోగొట్టదు.

6. రిజిస్టరులో పాత మాటను తుడిచివేయరాదు. అది చదువుటకు వీలగునట్లు ఒక గీత గీసి, సరియైన మాట వ్రాసి, తేదీ వేసి సంతకము చేయవలెను. ఎవరికి, ఎప్పుడు, ఏమి చెప్పినదియు వ్రాయవలెను.

7. అదే పొరపాటు మరల జరుగకుండ ఏర్పాటు చేయవలెను. పాల గడువును ప్రతి మందుచీటీపై "ఫలానా రోజు ఫలానా పూట నుండి వాడవచ్చును" అని వ్రాయుట, పశువు పేరుతో పాటు చెవిపోగు అంకెలు, యజమాని ఇంటిపేరు అడుగుట వంటి చిన్న ఏర్పాటులచే పెద్ద అనర్థములు తప్పును.

సహాయకుడు పొరపడినచో వైద్యుడు అందరియెదుట మందలింపరాదు. మందలింపునకు భయపడినవాడు మరల పొరపడినపుడు దాచును. దాచిన పొరపాటు దిద్దుటకు వీలులేనిది.

యజమానులు చేయవలసినవి

పొరపాటు ఎల్లపుడు వైద్యశాలవారిదే కాదు. పొరుగువారు ఇచ్చిన మందు ముందుగానే వేసి, ఆ సంగతి చెప్పక దాచువారు కలరు. పశువు చూలుతో నున్నదని చెప్పుట మరచువారు కలరు. ఒక ఆవునకు ఇచ్చిన మందును మరియొక ఆవునకు వేయువారును కలరు. ఇట్టివి జరిగినచో సిగ్గుపడక వైద్యునకు వెంటనే తెలుపవలెను. వైద్యుడును కసరుకొనక వినవలెను.

వైద్యశాలకు పోవునపుడు పశువు వయస్సు, పాలిచ్చుచున్నదా, చూలుతో నున్నదా, ఇదివరకు ఏయే మందులు వేసిరి అను వివరములు చెప్పవలెను. వాడిన మందుల సీసాలను, చీటీలను పారవేయక వెంట తీసికొనిపోవలెను. తిరిగి వచ్చుటకు పూర్వము మూడు ప్రశ్నలు తప్పక అడుగవలెను: ఈ మందు ఎంత, ఎన్ని పూటలు వేయవలెను? పాలు ఎప్పటినుండి వాడవచ్చును? ఏ గుర్తులు కనబడిన మరల రావలెను? జవాబులను తమ నోట తిరిగి చెప్పి సరిచూచుకొనవలెను. చదువు రానివారు గోడపై పూటకొక గీత గీసికొనినను చాలును. పారబోయు పాలను దూడలకు, కుక్కలకు పోయరాదు; పాలు త్రాగు దూడ ఉన్నచో దాని సంగతి వైద్యుని అడుగవలెను.

పలు రాష్ట్రములలో 1962 అను సంఖ్యకు టెలిఫోను చేసినచో సంచార పశువైద్య వాహనము వచ్చు ఏర్పాటు కలదు. అట్లు మాటలాడునపుడు ఊరు, ఏ జాతి పశువు, రోగలక్షణము అను వానిని నిదానముగా, విడివిడిగా చెప్పవలెను. విన్నవారు తిరిగి చెప్పునంత వరకు టెలిఫోను పెట్టివేయరాదు.

ముగింపు

ఎంత నేర్పరి యైనను, ఎంత అనుభవము గలవాడైనను మాటలో ఎన్నడో ఒకనాడు పొరపడక తప్పదు. పొరపాటు ఒప్పుకొనిన గౌరవము తగ్గునని కొందరు వైద్యులు భయపడుదురు. నిజమున పల్లెలలో జరుగునది వేరు. తన పొరపాటును చెప్పుటకు మధ్యాహ్నపు ఎండలో ఇంటికి నడచి వచ్చిన వైద్యుని మాటను ఆ యింటివారు అటుపిమ్మట మరింత నమ్ముదురు. ఏమియు చెప్పక ఊరకుండినవాని సంగతి ఏదో యొకనాడు బయటపడును; అది మొదలు అతడు చెప్పు మంచిమాట సైతము వారి చెవికెక్కదు. పశువు తన బాధను చెప్పుకొనలేదు. పాలు త్రాగు పసిబిడ్డయు చెప్పుకొనలేదు. చెప్పగలిగినవారు, తప్పు తెలిసిన ఆ గడియలోనే నోరు విప్పి చెప్పుట తమ విధియని గుర్తింపవలెను.